ఏడు ఫోన్ల మాంత్రికుడు

ఆదివారాల్లో మేము బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర వేస్తూ, పాచికలతో కథ నడిపే ఆట ఆడతాం. అందులో మాంత్రికుడి పాత్ర వేసే మిత్రుడి క్యారెక్టర్ షీటు, అంటే ఆ పాత్ర వివరాలు రాసుకునే కాగితం, ఈ మధ్య ఒకసారి నా చేతికి వచ్చింది. బల్ల మీద టీ ఒలికితే తడవకుండా ఎత్తాను, అంతే. వస్తువుల గడిలో సుద్దముక్క, ఉప్పు పొట్లం, చిన్న కత్తి, వాటి కింద ఫోన్లు అని రాసి ఉంది. పక్కన 11 రాసి కొట్టేశాడు. 9 రాసి కొట్టేశాడు. చివరికి 7 మిగిలింది.

"ఇదేమిటి?" అని అడిగాను.

"నీ రూలే కదా! పాడైపోతుంటే ముందే కొని పెట్టుకుంటున్నాను. పాతవి, ఒక్కొక్కటి వెయ్యి రూపాయలు" అన్నాడు, రేషన్ లెక్క చెప్పినట్టు.

ఆ నియమం నేను పెట్టిందే. మేము ఆడుతున్నది నేటి హైదరాబాదులో జరిగే కథ. మంత్రం వేసిన ప్రతిసారీ ఆరు ముఖాల పాచిక వేయాలి. ఒకటి పడితే దగ్గరలో ఉన్న పరికరం ఒకటి చెడిపోతుంది. ఏది చెడిపోయిందో, కథ నడిపే గేమ్ మాస్టర్‌గా నేను చెబుతాను. ఈ కాలంలో పుట్టి ఈ కాలపు వస్తువు దేన్నీ నమ్మలేని మనిషి ఎంత ఒంటరిగా ఉంటాడో ఆటలో తెలియాలని నా ఆశ. తీరా చూస్తే ఆ ఒంటరితనం కాస్తా నెలవారీ ఖర్చుల పద్దులో చేరిపోయింది.

అప్పటినుంచి దీని గురించే ఆలోచిస్తున్నాను. మంత్రం యంత్రాన్ని చెడగొడుతుందనే నియమాన్ని పాచిక చేతికి ఇవ్వకూడదు, గేమ్ మాస్టర్ అవసరానికి అంతకన్నా ఇవ్వకూడదు, దాన్ని ఆటగాడితో బేరమాడి తేల్చుకోవాలి అన్న చోటికి వచ్చి ఆగాను. ఆగిన చోట పూర్తిగా స్థిమితంగా ఉన్నానా అంటే, లేను. అందుకే ఇంత పొడుగు టపా.

పాచిక చేసిన పని

లెక్క ముందే వేసుకుని ఉండాల్సింది. ఆరింట ఒకటి అంటే తక్కువగానే వినిపిస్తుంది. కానీ నాలుగు మంత్రాలు వేసేసరికి ఏదో ఒకటి చెడిపోయే అవకాశం 52 శాతం. పది మంత్రాలకు 84 శాతం. మా ఆటలో ఒక ఆదివారానికి పది మంత్రాలు మామూలే. అంటే దాదాపు ప్రతి వారం ఏదో ఒకటి చెడిపోతుంది. ప్రతి వారం జరిగేదానికి ఎవరూ ఉలిక్కిపడరు. కరెంటు కోతలాగా అలవాటు పడిపోతారు, కొవ్వొత్తి ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటారు.

అలవాటుతో పాటు తెలివి కూడా పెరిగింది. ఒక బ్యాంకు కెమెరాను మూయించాల్సి వచ్చినప్పుడు మా మాంత్రికుడు ఎదుటి ఫుట్‌పాత్ మీద వేరుశనక్కాయల పొట్లం పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో గింజనూ గాలిలోకి లేపి నోట్లో వేసుకునే చిల్లర మంత్రం. గింజకో పాచిక. సగటున ఆరు గింజలకు ఒకసారి ఒకటి పడుతుంది, అయిదో గింజకే కెమెరా పోయింది. అందరం పగలబడి నవ్వాం. ఆ తర్వాతి వారం లిఫ్టు, ఆపై వారం పోలీసు జీపు. నేను శాపం అనుకున్నది వాళ్ళ చేతిలో మారుతాళం అయింది.

ఇక నా తప్పు. ఈ నియమం ఎందుకు పెట్టానని నన్ను నేను నిలదీసుకుంటే ఒంటరితనం, కాలం లాంటి పెద్ద మాటలు రెండో జవాబుగానే వస్తాయి. మొదటి జవాబు, ఫోన్లంటే నాకు భయం. గోదాములో దారి తప్పించి ఒక రాత్రంతా తిప్పుదామని నేను కథ కట్టుకుంటే, ఆటగాళ్ళు ఫోను తీసి మ్యాపు చూసుకుని, గోడ మీది గుర్తును ఫొటో తీసి తెలిసిన ప్రొఫెసరుకు పంపి, ఇరవై నిమిషాల్లో బయటపడ్డారు. వాళ్ళ దగ్గర ఫోను లేకపోతే బాగుండునని ఆ రోజు అనిపించింది. ఆ మర్నాడే నియమం పుట్టింది. పాచిక సహకరించని రోజుల్లో సిగ్నల్ లేదని చెప్పి తప్పించుకున్నాను. కథ కట్టడం చేతకాక టవర్లు కూల్చుకుంటూ పోయాను.

ఏది యంత్రం?

ఇంకో చిక్కు ఉంది. ఒక ఆదివారం ఆట పక్కన పడేసి రెండు గంటలు దీని మీదే కొట్టుకున్నాం. ఫోను యంత్రమే, సరే. చేతి గడియారం? తుపాకీ? ప్రెషర్ కుక్కర్? తాళం కప్ప? కళ్ళజోడు యంత్రం అవునా కాదా అని తేలక, అది పెట్టుకున్న ఇద్దరూ ఒక పక్షం, పెట్టుకోని ముగ్గురూ ఇంకో పక్షం అయ్యాం.

ఇతర ఆటలు దీన్ని ఎలా దాటాయో చూడటం అప్పుడు మొదలుపెట్టాను. 1989లో వచ్చిన షాడోరన్ లెక్కను తిరగేసింది. అందులో యంత్రమే మంత్రాన్ని తింటుంది. ప్రతి పాత్రకూ ఎసెన్స్ అని 6 పాయింట్లు ఉంటాయి. ఒంట్లో లోహపు చేయో, కంటికి కెమెరానో అమర్చుకుంటే అవి తరుగుతాయి, వాటితోపాటే మంత్రశక్తి కూడా. ఇది నాకు నచ్చుతుంది, ఎందుకంటే నిర్ణయం ముందే ఆటగాడి చేతిలో పెట్టింది. కానీ నాకు కావలసిన కథ అది కాదు. 1993 నాటి మేజ్: ది అసెన్షన్ ఇంకా లోతుకు పోయింది. అక్కడ లోకం జనం నమ్మకంతో నడుస్తుంది. నలుగురూ నమ్మలేని మాయ చేస్తే లోకమే చేసినవాడి మీద తిరగబడుతుంది. యంత్రాలు పనిచేసేది కూడా జనం వాటిని నమ్మడం వల్లనే అంటుంది ఆ ఆట. అర్ధరాత్రి దాకా వాదించుకోవడానికి దాన్ని మించింది లేదు. వాదన తేలి పాచికల దాకా రావడానికి మాత్రం మాకు మూడు వారాలు పట్టింది.

నాకు దారి చూపించింది 2010లో వచ్చిన డ్రెస్డెన్ ఫైల్స్ ఆట. షికాగోలో ఉండే ఒక మాంత్రికుడి నవలల ఆధారంగా ఫేట్ అనే ఆట నియమాల పద్ధతిలో తయారైంది. ఆ మాంత్రికుడు పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ నడుపుతాడు, కొత్త కారు అతని దగ్గర బతకదు మరి. ఏది యంత్రం అన్న తగాదాను ఆ ఆట ఒక్క మాటతో దాటేసింది. వస్తువు ఎంత కొత్త తరం సాంకేతికతతో చేసిందైతే అంత తొందరగా చెడిపోతుంది. అయితే నా కళ్ళు తెరిపించింది ఇంకో సంగతి. అనుకోకుండా జరిగే నష్టాన్ని అక్కడ బేరంగా పెట్టవచ్చు. గేమ్ మాస్టర్ ఒక ఫేట్ పాయింటు చూపించి, నీ ఫోను ఇప్పుడు పోతుంది, సరేనా అంటాడు. ఒప్పుకుంటే పాయింటు ఆటగాడిది, తర్వాత అవసరమైన చోట వాడుకుంటాడు. ఒప్పుకోకపోతే తన దగ్గరి పాయింటు ఒకటి ఎదురు ఇచ్చుకుని ఫోను కాపాడుకుంటాడు.

మొదటిసారి చదివినప్పుడు ఇది నాకు లంచంలా కనిపించిందని ఒప్పుకుంటున్నాను.

నరుడి కంటికి నాపరాయి

మా అమ్మ ఎప్పుడూ మా ఆటలో కలగజేసుకోదు. పక్కన కూర్చుని ఏదో ఒక పని చేసుకుంటూ వింటూ ఉంటుంది. ఆ రోజు గోంగూర ఆకు తుంచుతోంది. మంత్రం వేశాడు కాబట్టి యంత్రం చెడిపోయిందని నేను అనగానే చేతిలో కాడ పట్టుకుని ఆగింది.

"అదేమిట్రా? మంత్రం లేకపోతే యంత్రానికి శక్తి ఎక్కడిది?"

ఆమె అన్నది రాగిరేకు మీద గీసే యంత్రం గురించి. తాయెత్తులో చుట్టేది, దుకాణం గుమ్మానికి కొట్టేది. బల్ల చుట్టూ నవ్వులు. ఆ నవ్వులో నాకు మాత్రం గొంతులో వెలక్కాయ పడింది. మిషనుకూ ఆ రాగిరేకుకూ మన భాషలో ఒకటే మాట. మంత్రమూ యంత్రమూ శత్రువులన్న ఊహ మన ఇళ్ళలో ఎక్కడుంది? దసరాకు లేతు మిషనుకు పసుపు కుంకుమ పెడతాం, బైకు ముందు గుమ్మడికాయ కొడతాం. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచేముందు ఇస్రో పెద్దలు దాని నమూనాను తిరుమలకు తీసుకువెళ్ళి పూజ చేయించుకుంటారు, సూళ్ళూరుపేటలో చెంగాళమ్మను దర్శించుకుంటారు. ఇది మంచిదా చెడ్డదా అన్న తగువు వేరే ఉంది, అందులోకి నేను దిగను. నాకు కావలసింది ఒకటే. ఆ రెండూ కొట్టుకుంటాయన్నది నేను వేరే దేశం ఆట పుస్తకంతో పాటు తెచ్చుకున్న ఊహ. హైదరాబాదులో కథ పెట్టి, ఆ ఊహను మాత్రం పెట్టెలోంచి తీయకుండా అలాగే వాడేశాను.

కాబట్టి తిరగేసి చూశాం. మంత్రం వేస్తే యంత్రం ఇంకా బాగా పనిచేస్తుందని మూడు వారాలు ఆడాం. చప్పగా ఉంది. అందరి బండ్లూ పెట్రోలు లేకుండా పరిగెత్తాయి, అందరి ఫోన్లూ చార్జింగు లేకుండా మోగాయి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నమ్మకం మనదే కావచ్చు, కానీ ఆటకు నష్టం కావాలి.

మళ్ళీ అమ్మే ఆదుకుంది. ఇంట్లో కొత్తగా కొన్న మిక్సీ వారానికే ఆగిపోతే, ఫలానా ఆవిడ వచ్చి ఎంత బాగుందో అని చూసి వెళ్ళిందని సణుగుతోంది. నరుడి కంటికి నాపరాయైనా పగులుతుందనే సామెత చిన్నప్పటినుంచీ వింటున్నదే. కానీ దాన్ని ఆట నియమంగా ఎప్పుడూ వినలేదు. దిష్టి కొత్త వస్తువుకు ముందు తగులుతుంది. షికాగో మాంత్రికుడి దగ్గరా కొత్తదే ముందు పోతుంది. ఫలితం ఒకటే, కారణం మాత్రం పూర్తిగా వేరు. అక్కడ వస్తువు కొత్త తరానిది కావడం వల్ల పోతుంది. ఇక్కడ ఎవరో దాన్ని ఆశగా చూడటం వల్ల పోతుంది. కళ్ళజోడు తగాదా కూడా దీనితో తీరిపోయింది. ఎవరి మనసూ పడని వస్తువుకు దిష్టి లేదు. వెయ్యి రూపాయల పాత ఫోన్లు ఏడున్నా ఏమీ కాదు, పదకొండున్నా ఏమీ కాదు.

కొత్త నియమం ఇలా కుదిరింది. ప్రతి ఆటగాడూ తన పాత్ర పోగొట్టుకోలేని వస్తువు ఒకటి అట్టముక్క మీద రాసి నాకు ఇస్తాడు. మంత్రం వేసినప్పుడు నేను ఆ వస్తువు మీద మాత్రమే, లేదా ఆ ఘట్టంలో అందరూ ఆశ పెట్టుకున్న ఒక వస్తువు మీద మాత్రమే బేరం పెట్టగలను. పాయింట్లకు చింతపిక్కలు. అష్టాచెమ్మా కోసం అమ్మ డబ్బాలో దాచినవే.

రాత్రి డ్యూటీ

ఈ నియమంతో మొదటి పెద్ద బేరం ఆసుపత్రిలో జరిగింది, అంటే ఆటలోని ఆసుపత్రిలో. మాంత్రికుడి గురువు ఐసీయూలో, వెంటిలేటర్ మీద ఉన్నాడు. బయట ఏదో తిరుగుతోంది. మంచం చుట్టూ సుద్దతో గిరి గీసి మంత్రం వేయకపోతే అది లోపలికి వస్తుంది. నేను రెండు చింతపిక్కలు బల్ల మీద ముందుకు జరిపాను.

"వెంటిలేటర్ ఆగిపోతుంది."

ఏడు ఫోన్ల మనిషి ఆ పిక్కల వైపు చాలాసేపు చూశాడు. అతని దగ్గర ఒకటే ఉంది. ఇచ్చేసి గురువును కాపాడుకోవచ్చు, కానీ తర్వాత చేతులు ఖాళీ. చివరికి తీసుకున్నాడు.

గురువు చివరి మాటలు, కన్నీళ్ళు, నేను అన్నీ సిద్ధం చేసుకున్నాను. మా గుంపులో ట్యాక్సీ నడిపే మనిషి పాత్ర వేసే స్నేహితురాలు నిజ జీవితంలో ఐసీయూలో నర్సు. ఆమె నా వైపు జాలిగా చూసి, "ముందు అలారం మోగుతుంది" అంది. "బ్యాటరీ ఉంటుంది. అది కూడా పోయిందా? సరే. ట్యూబు విడదీసి అంబు బ్యాగు, అంటే చేత్తో నొక్కి గాలి పంపే సంచి, తగిలిస్తాం. అయిదారు సెకన్లకు ఒకసారి నొక్కాలి."

"ఎంతసేపు?"

"ఇంకో మిషను వచ్చేదాకా. నేను ఒక రాత్రి నలభై నిమిషాలు నొక్కాను."

పక్కనున్న దిండు తీసుకుని నొక్కి చూపించింది. గట్టిగా నొక్కకూడదట, తొందరపడకూడదట. కంగారుపడిన వాళ్ళు చేసే తప్పు అదేనట. నొక్కి, వదిలి, ఆగింది. మళ్ళీ నొక్కింది. మేము మాట్లాడటం ఆపేసి ఆ దిండునే చూస్తున్నాం. మాంత్రికుడు చేయి చాపి దిండు తీసుకున్నాడు. నొక్కుతున్నాడు. అప్పుడు అతనికి తట్టింది, సుద్దముక్క పట్టుకోవడానికి చేయి లేదని.

ఆ తర్వాత గంటన్నర సేపు దిండు చేతులు మారుతూనే ఉంది. మంత్రం వేయాలంటే దిండు ఎవరికో ఇవ్వాలి. అందుకున్నవాళ్ళు తలుపు దగ్గర కాపలా వదలాలి. ఇక పాచికలు వేసుకుంటూ పోతే ఎవరు ఎప్పుడు లెక్క తప్పుతారోనని అందరి చెవులూ ఆ దిండు మీదే. గురువు బతికాడా లేదా అన్నది ఇక్కడ అనవసరం. యంత్రం ఆగితే కథ ఆగుతుందని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆగిన యంత్రం పని మనుషుల చేతుల మీదికి వస్తుందని ఆ రోజు దాకా నాకు తట్టలేదు. ఆసుపత్రిలో పనిచేసే మనిషికి అది రోజూ తెలిసిన సంగతే.

పాచికతో ఇది జరిగేది కాదా? జరిగేదేమో. కానీ పాచిక వేసి వెంటిలేటర్ ఆపి ఉంటే అతను నా మీద కోపంతో నొక్కేవాడు. పిక్కలు తీసుకున్నాడు కాబట్టి తన మీద కోపంతో నొక్కాడు. దిండు పట్టుకున్న తీరులోనే తెలిసిపోయింది.

పౌలీ గారి రైలు

ఇప్పుడు నా వాదనకు ఎదురు నిలిచే కథ. క్వాంటం భౌతికశాస్త్రంలో పెద్ద పేరున్న వోల్ఫ్‌గాంగ్ పౌలీకి, 1945లో నోబెల్ వచ్చిన ఆయనకే, ప్రయోగశాలల్లో ఇంకో పేరు కూడా ఉండేది. ఆయన అడుగుపెడితే పరికరాలు చెడిపోతాయని. హాంబుర్గ్‌లో ఒట్టో స్టెర్న్ అనే శాస్త్రవేత్త ఆయన్ను తన ప్రయోగశాల గడప తొక్కనిచ్చేవాడు కాదు. గోటింగెన్‌లో జేమ్స్ ఫ్రాంక్ ప్రయోగశాలలో ఒకసారి ఒక పరికరం ఏ కారణమూ లేకుండా పాడైంది. ఈసారి పౌలీ ఊళ్ళో లేడు, పాపం ఆయన తప్పేమీ లేదని సరదాగా అనుకున్నారు. తీరా వాకబు చేస్తే కోపెన్‌హాగెన్ వెళ్ళే దారిలో ఆయన రైలు సరిగ్గా అదే సమయానికి గోటింగెన్ స్టేషన్లో ఆగి ఉందట.

నాకు ఇంకా ఇష్టమైనది షాండ్లియర్ కథ. ఆయన గదిలోకి రాగానే షాండ్లియర్ కింద పడేలా కొందరు ఆకతాయిలు తాడు కట్టారట. ఆయన వచ్చాడు. తాడు ఇరుక్కుంది. ఏమీ పడలేదు. పౌలీ ప్రభావం మరోసారి రుజువైందని అందరూ నవ్వుకున్నారట.

ఈ రెండో కథ నన్ను ఇబ్బంది పెడుతుంది. ఎవరూ ఏర్పాటు చేయకపోవడమే పౌలీ ప్రభావం రుచి. బేరం పెట్టడమంటే తాడు కట్టడమే కదా? చింతపిక్క ముందుకు జరగగానే అందరికీ తెలిసిపోతుంది, ఏదో పోబోతోందని. పాచిక ఒకటి పడి, ఎవరూ ఊహించని క్షణంలో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోవడంలో ఉన్న ఉలికిపాటు బేరంలో లేదు, రాదు. అందుకని సగం వెనక్కి తగ్గాను. ప్రతినాయకుల మంత్రాలకు ఇప్పటికీ పాచికే వేస్తున్నాను, కాకపోతే ఆరు ముఖాలది తీసి ఇరవై ముఖాలది పెట్టాను. ఇది నా సిద్ధాంతానికి పొసగదు. ఆటకు పొసగుతోంది.

రెండో ఇబ్బంది ఆటగాళ్ళ తెలివి. పోతే బాధలేని వస్తువు రాసి పిక్కలు దండుకోవచ్చు. అయిదుగురిలో ఒకడు టార్చిలైటు అని రాశాడు. నియమంతో మనిషిని మనసు పెట్టి ఆడేలా చేయలేం. ఆ టార్చిలైటు మీద నేను ఒక్క బేరమూ పెట్టలేదు, అతనికి ఒక్క పిక్కా రాలేదు. మూడో వారం వచ్చి అట్టముక్క మార్చుకుంటానని అడిగాడు.

పాత నియమం వైపు మళ్ళీ వెళ్ళకపోవడానికి ఇంకో కారణం ఉంది. కిందటేడు గుంపులో చేరిన అమ్మాయి చెవికి వినికిడి యంత్రం పెట్టుకుంటుంది. ఆమె పాత్రకూ అదే రాసుకుంది. మొదటి రోజే పాచికల వైపు చూసి, "దీన్ని మాత్రం ఆ ఆరింటిలో పెట్టకండి" అంది. అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. నేను చేసిన నియమం ప్రకారం ఒకటి పడితే, దగ్గరలో ఉన్న పరికరం అంటే ఆమె చెవిలోనిది కూడా. ఆమెకు రోజూ ఉండే భయాన్ని తెచ్చి బల్ల మీద పాచికగా దొర్లించేవాణ్ణి. బేరంలో ఆ బాధ లేదు. ఆమె అట్టముక్క మీద సైకిల్ అని రాసింది. చెవిది ఎప్పటికైనా రాస్తుందా రాయదా అన్నది ఆమె ఇష్టం. నేను అడగలేదు.

ఏడు ఫోన్ల మిత్రుడి అట్టముక్క మాత్రం ఇంకా నా దగ్గర తాకకుండా ఉంది. ఏ తాళపత్రమో, గురువు ఇచ్చిన గడియారమో రాస్తాడనుకున్నాను. వాషింగ్ మెషీన్ అని రాశాడు. అతని పాత్ర తల్లికి మోకాళ్ళ నొప్పులట, వాయిదాల మీద కొన్నాడట, ఇంకా ఆరు వాయిదాలు కట్టాలట. అట్టముక్క మూలన చిన్న అక్షరాలతో వారంటీ లేదని కూడా రాసి పెట్టాడు. ఇప్పటికి నాలుగు ఆదివారాలు అతను ఇంట్లో ఒక్క మంత్రమూ వేయలేదు. వాన పడుతున్నా సరే, వీధిలోకి వెళ్ళి వేసి వస్తున్నాడు.